ఆమెన్ అన్నాక

నలభై ఆరేళ్ళ వయసులో మార్తాకు మళ్ళీ ఒక గురువు దొరికింది. ఆవిడ పేరు నూలా. డబ్లిన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరు, మార్తా పీహెచ్‌డీకి గైడు, వయసులో పదేళ్ళు పెద్ద. మొదటి రోజే "నన్ను నూలా అని పిలువు, ఇక్కడ మేడమ్‌లు ఎవరూ లేరు" అంది. అనడం ఆవిడకు తేలికే. గుంటూరు నర్సింగ్ స్కూల్లో మేట్రన్ నడిచొస్తుంటే గోడకు అతుక్కుపోయి నిలబడ్డ ఒళ్ళు మార్తాది. తలనెరిసిన పెద్దావిణ్ణి పేరు పెట్టి పిలవడానికి నోరెలా వస్తుంది? మేడమ్ అంటే ఆవిడకు గిట్టదు, పేరు పెడితే ఈవిడకు పాపం. అందుకని మార్తా మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. ఏమీ అని పిలవకుండా గుమ్మంలో నిలబడి చిన్నగా దగ్గడం. సెప్టెంబరు నుంచి క్రిస్మస్ దాకా అలా దగ్గుతూనే నెట్టుకొచ్చింది. ఆ దగ్గు ఎంతకీ తగ్గడం లేదు, ఒకసారి జీపీ డాక్టరుకు చూపించుకోరాదా అని నూలా జాలిపడి అడిగింది కూడా.

మార్తా కాపురం ములింగార్ అనే ఊళ్ళో. అక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా నర్సు. ఇప్పుడు వారంలో సగం రోజులు వార్డు, సగం రోజులు డబ్లిన్ రైలు. మొగుడు ఏలీయా బస్సు డ్రైవరు, తెలుగు చర్చిలో పెద్ద. "నర్సువి కదా, చాలదా? ఈ వయసులో డాక్టరువి కూడా అవ్వాలా?" అని మొదట్లో సణిగాడు గానీ, తెల్లారే స్టేషన్లో దింపి వచ్చేది అతనే. కూతురు అబిగేయిల్‌కు తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇక్కడి యాసలో ఇంగ్లీషే. తల్లి కంగారు చూసి "మమ్, యూ విల్ బి గ్రాండ్" అని ఒక్క మాటతో తేల్చేసింది. ఇక్కడ గ్రాండ్ అంటే అంతా బాగానే అని. యూనివర్సిటీలో మార్తాకు కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. చుట్టూ అంతా తన కూతురి వయసుకు కాస్త అటూ ఇటూ పిల్లలు. మొదటి నెలంతా ఆ బల్ల ముందు కూర్చుని, చదివిన పేజీనే మళ్ళీ చదువుతూ, ఎవరో వచ్చి మీరు పొరపాటున ఇక్కడికొచ్చారు అంటారేమోనని ఎదురుచూసింది.

ఎవరూ అనలేదు. పని మొదలైంది. ఆమె ఎంచుకున్న విషయం చెప్పుకోడానికి చిన్నదే. ఇక్కడ ముసలివాళ్ళుండే నర్సింగ్ హోమ్‌లలో మనవాళ్ళు ఎందరో కేరర్లుగా చేస్తున్నారు. ఒక ముసలావిడకు ఏళ్ళ తరబడి స్నానం చేయించి, అన్నం తినిపించి, ఒళ్ళు తిప్పి పడుకోబెడతారు. ఆవిడ పోతే ఆ మంచం మీద దుప్పటి మార్చి ఇంకొకరిని పడుకోబెడతారు. పోయినవాళ్ళ పిల్లలకు అందరూ సానుభూతి చెబుతారు, ఈ చేతులకు ఎవరు చెబుతారు? అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగేవాళ్ళే లేనప్పుడు చెప్పేదెవరు? నేను అడుగుతాను అనుకుంది మార్తా.

పైకి చెప్పిన కారణం ఇది. లోపలి కారణం ఒక మనిషి. నేస్ ఊళ్ళో ఒక నర్సింగ్ హోమ్‌లో కేరర్‌గా చేసే లీలారాణి.

మార్తా ఈ దేశంలో దిగినప్పుడు అద్దెకు గది దొరక్క అల్లాడుతుంటే, చర్చిలో ఒక్కసారి చూసిన పరిచయంతో తన ఇంట్లో పెట్టుకుని నాలుగు నెలలు అన్నం పెట్టిన మనిషి లీలారాణి. మొగుడు పోయాక ఇద్దరు కొడుకుల్ని ఒంటిచేత్తో పెంచి, పెళ్ళిళ్ళు చేసింది. ఆమె పాటెత్తితే చర్చి మొత్తం ఒక్క గొంతయ్యేది. అటువంటిది, కరోనా చలికాలం తర్వాత ఆమె పాడటం మానేసింది. వెనక వరసలో కూర్చుంటుంది, పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటుంది, పెదవులు కదలవు. వయసొచ్చింది, గొంతు పోయింది అనుకున్నారు అందరూ. మార్తా అలా అనుకోలేదు. కానీ అడగనూ లేదు. పెద్దావిణ్ణి ఏమని అడుగుతాం? చదువు పేరు పెట్టుకుని అడగొచ్చనే ధైర్యం ఈ పీహెచ్‌డీ ఇచ్చింది. ఆ గొంతుకు ఏమైందో తెలుసుకోలేకపోతే ఈ చదువెందుకన్నంతగా ఆ ప్రశ్న ఆమెను పట్టుకుంది.

ఫిబ్రవరికి ఇంటర్వ్యూలకు యూనివర్సిటీ అనుమతులు వచ్చాయి. మచ్చుకు ఒక ఇంటర్వ్యూ చేసి చూపించమంది నూలా. మార్తా బత్తాయిలూ కేకూ పట్టుకుని ఒక శనివారం నేస్ వెళ్ళింది.

ఇక్కడ మార్తా తల్లి గురించి ఒక మాట చెప్పాలి. ఆవిడ చీరాల చుట్టుపక్కల పల్లెల్లో బైబిలు స్త్రీగా తిరిగింది. రోగుల్నీ, బాలింతల్నీ, కష్టంలో ఉన్నవాళ్ళనీ ఇంటికెళ్ళి పలకరించి ప్రార్థన చేసే పని. సంచి మోస్తూ వెనకాల తిరిగిన మార్తాకు ఒక పద్ధతి ఒంటబట్టింది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు ప్రార్థన, ఆ తర్వాతే మంచినీళ్ళు. మన క్రైస్తవుల ఇళ్ళలో ఇప్పటికీ అదే మర్యాద. అది తప్పితే వచ్చిన మనిషి మనసులో ఏదో పెట్టుకుని వచ్చిందనుకుంటారు.

"వందనాలక్కా."

"వందనాలమ్మా, రా. తడిసిపోయావ్. ముందు ప్రార్థన చెయ్యి, తర్వాత టీ పెడతా. మీ అమ్మ పోలికే, నీకు ప్రార్థన బాగా వచ్చుద్ది" అంది లీలారాణి, చున్నీ తలమీదికి లాక్కుంటూ.

రికార్డరు పనిచేస్తోందో లేదో చూద్దామని మార్తా అప్పటికే మీట నొక్కింది. దాన్ని బల్ల మీద అలాగే వదిలి కళ్ళు మూసుకుంది. పరిశుద్ధుడవైన దేవా, ఆ మహా తెగులు కాలంలో మా అక్కను నీ రెక్కల చాటున దాచినందుకు వందనాలు, ఆమె చేతుల మీదుగా వృద్ధులను శాంతి సమాధానాలతో నీ సన్నిధికి చేర్చుకున్నందుకు స్తోత్రాలు అంటూ మనస్ఫూర్తిగా ప్రార్థించింది. ఆమెన్ అంది లీలారాణి.

తర్వాత ప్రశ్నలు. ముందుగా నియమం చెప్పింది మార్తా. "నా పరిశోధనలో ఎవరి అసలు పేరూ రాయకూడదక్కా. నీకు నచ్చిన మారుపేరు ఏదన్నా చెప్పు, అదే రాస్తా."

"దేవుడిచ్చిన పేరుండగా దొంగపేరెందుకే? నీ ఇష్టమొచ్చింది రాసుకో."

మార్తా 'ఒకటో మనిషి' అని రాసుకుంది. ఆ కరోనా రోజులు ఎలా గడిచాయక్కా అని అడిగింది. లీలారాణి వెన్ను నిటారుగా పెట్టి, చర్చిలో లేచి దేవుడి మేలు చెప్పుకునేటప్పటిలా, గంటసేపు సాక్ష్యం చెప్పింది. కష్టం వచ్చింది, దేవుడు తోడున్నాడు, పోయినవాళ్ళు ప్రశాంతంగా పోయారు, నన్ను ఏ జబ్బూ తాకలేదు, ఆయన నామానికి మహిమ. మధ్యమధ్య మార్తా కూడా స్తోత్రం, స్తోత్రం అంది. తిరుగు బస్సులో ఆమెకు కడుపు నిండినట్టూ ఉంది, ఏమీ తిననట్టూ ఉంది.

దాన్నంతా కాగితం మీద పెట్టి, ఇంగ్లీషులోకి మార్చి, మొదటినుంచి ఒక్క మాట వదలకుండా నూలాకు ఇచ్చింది. నూలా రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసింది.

"ఎవరు చనిపోయారు, మార్తా?"

"చాలామంది."

"ఒక్కరి పేరైనా లేదు. అందరూ ప్రశాంతంగా పోయారు, అంతా గ్రాండ్. మీవాళ్ళు ఇలాగే మాట్లాడతారనుకుంటే, ఈ విషయం మీవాళ్ళతో కుదరదేమో. ఇక్కడి నర్సుల్ని అడిగితే ఎలా ఉంటుందో ఆలోచించు."

మార్తాకు కోపం వచ్చింది. దేవుడి మాట ఎత్తితే వీళ్ళకు చెవులు మూసుకుపోతాయి అనుకుంది. కానీ పెద్దావిడ ముందు కోపం ఎలా చూపిస్తాం? తల వంచుకుని కూర్చుంది. ఆ వంచిన తల నూలాకు బాగానే అర్థమైనట్టుంది.

"దేవుణ్ణి నేను కాదనడం లేదు. మా చిన్నప్పుడు ఫాదర్ ఇంటికొస్తే మా అమ్మ ప్రెస్‌లోంచి, అంటే వంటింటి అలమారలోంచి మంచి కప్పులు తీసేది. ఆ కప్పుల్లో టీ తాగినంతసేపూ మా ఇంట్లో అందరూ గ్రాండే. మా తమ్ముడు పోయిన వారంలో కూడా గ్రాండే." ఆవిడ మొదటి పేజీ తీసి మార్తా ముందుకు జరిపింది. "ఇది చదువు. ఆవిడ నోరు తెరవకముందు నువ్వేం చెప్పావో చూడు."

రైల్లో చదివింది మార్తా. తన ప్రార్థనే. కాపాడావు, దాచావు, సమాధానంగా చేర్చుకున్నావు. అడగాల్సినవాటికి జవాబులన్నీ తనే ముందుగా దేవుడి ముందు చెప్పేసింది. ఆ తర్వాత లీలారాణి చేయగలిగింది ఆమెన్ అనడమే. ఆమెన్ అన్నాక ఎవరైనా ఎదురు ఎలా చెబుతారు? ఏ పుస్తకంలోనూ ఈ పొరపాటు గురించి హెచ్చరిక లేదు. ఈ పొరపాటు చేయాలంటే బైబిలు స్త్రీ కడుపున పుట్టాలి. మార్తాకు సిగ్గేసింది, దానికంటే ఎక్కువ భయమేసింది. ఇన్నేళ్ళుగా తను వెళ్ళిన ఇళ్ళలో ఇంకెందరి నోళ్ళు అలా మూసి వచ్చిందో.

ఈసారి ప్రార్థన లేకుండా మొదలుపెడతానని ఇంట్లో చెబితే ఏలీయా చెంచా కింద పెట్టేశాడు.

"ప్రార్థన చెయ్యకుండా ఆ పెద్దావిడ గుమ్మం ఎట్టా తొక్కుతావు?"

"చెయ్యనని కాదు. తర్వాత చేస్తాను."

"అన్నం తిన్నాక ప్రార్థన చేసేవాళ్ళని ఎక్కడన్నా చూశావా?"

ఆ రాత్రంతా మార్తాకు తల్లి గుర్తొచ్చింది. తల్లి ఉంటే ఏమనేదో తెలియలేదు, ఉంటే బాగుండుననిపించింది.

మార్చిలో మళ్ళీ వెళ్ళింది. లీలారాణి ఎప్పటిలాగే చున్నీ తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. మార్తా కళ్ళు మూసుకోలేదు. కాసేపటికి లీలారాణి ఒక కన్ను తెరిచి చూసింది.

"ఏంటే? చెయ్యి."

"అక్కా, ఇవాళ ముందు చెయ్యను. నువ్వు చెప్పాల్సింది చెప్పాక, నీకు ఇష్టమైతే చేసుకుందాం."

లీలారాణి ముఖం మాడిపోయింది. "చదవేస్తే ఉన్న మతి పోయిందంట. ఆ యూనివర్సిటీలో ఇదేనా నేర్పేది? మీ అమ్మ వింటే ఏమైపోవును!" అని లేచి వంటింట్లోకి పోయింది. ప్రెస్ తలుపు దబ్బున వేసిన చప్పుడు వినపడింది. కెటిల్ కాగి ఆగిపోయినా టీ రాలేదు. మార్తా లేచి వంటింటి గుమ్మందాకా వెళ్ళింది. నాలుగు నెలలు తనకు అన్నం వండిపెట్టిన పొయ్యి అక్కడే ఉంది. ఈ మనిషి ఇక నా ముఖం చూడకపోతే అనుకుంటూనే అడిగేసింది.

"అక్కా, నువ్వు పాడటం ఎందుకు మానేశావ్?"

"గొంతు బాలేదు."

"జీపీ ఏమన్నాడు?"

లీలారాణి పొయ్యి వైపు తిరిగే ఉంది.

"జీపీ దగ్గరికి వెళ్ళలేదు కదా" అంది మార్తా.

లీలారాణి ఇటు తిరిగింది. కళ్ళలో కోపం లేదు. ఏదో దింపుకుంటే తప్ప నిలబడలేని మనిషిలా ఉంది. హాల్లోకి వచ్చి కూర్చుంది, చున్నీ మెడమీదికి జారిపోయినా సర్దుకోలేదు. "పెట్టు నీ మెషిను" అంది.

"బ్రైడీ అని ఒకావిడ. తొంభై దాటినై. పొలం పనిచేసిన మనిషి, చేతులు మన అమ్మమ్మల చేతుల్లాగుండేవి. పిల్లల్లేరు. నేను ఆ హోమ్‌లో చేరిన కాడి నుంచీ ఆవిడ నా చేతుల్లోనే ఉంది. సాయంత్రం పడుకోబెట్టేటప్పుడు పాట పాడమనేది. నాకొచ్చినై మన పాటలే కదా. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు ఆవిడకి. దుప్పటి మీద వేలితో తాళం వేసేది." లీలారాణి తన మోకాలి మీద వేలితో మెల్లగా తట్టి చూపించింది. "ఒంటరిగా పోతానేమోనని ఆవిడకి భయం. నేను పోయేటప్పుడు నువ్వు పాడతావా అని అడిగింది. పాడతానమ్మా అని మాటిచ్చా. ఒకసారి కాదు. ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇచ్చా."

ఆ చలికాలం హోమ్‌ను రెండు భాగాలు చేశారు. ఒక పక్కన పనిచేసేవాళ్ళు రెండో పక్కకు పోకూడదు. లీలారాణి ఇటు పడింది, బ్రైడీ మంచం అటు పడింది. మధ్యలో అద్దం బిగించిన తలుపు.

"ఆవిడ గది ఆ తలుపుకి పక్కనే. మధ్యాహ్నం ఆవిడకి అయిపోతందని తెలిసింది. పరిగెత్తుకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డా. లోపలికి పోనివ్వరు, అది రూలు, నేను కాదన్ను. కానీ గట్టిగా పాడితే వినపడేదే, మార్తా. నా గొంతు నీకు తెలుసు కదా. చర్చి బయట రోడ్డు దాకా పోయేది. ఆ తలుపు ఎంత?"

మార్తా ఈసారి స్తోత్రం అనలేదు.

"వెనకాల మేనేజరమ్మ నిలబడుంది. మా వాళ్ళు నలుగురున్నారు. ఇంతమంది పోతంటే ఈవిడకి పాటేంటి, పిచ్చెక్కిందా అనుకుంటారని సిగ్గేసింది. పనిలో చెడ్డపేరొచ్చుద్దని భయమేసింది. నోరు తెరిచా, మూశా. అంతే. ఎవరో బయటికొచ్చి తలాడించారు, అయిపోయిందని. నన్ను ఎవరూ ఆపలా. నేనే పాడలా."

ఆమె ఏడవలేదు. ఏడుపు అయిపోయిన గొంతుతో చెప్పింది.

"ఆ తర్వాత చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. లేచి నిలబడి, దేవుడు నన్ను కాపాడాడు, మా పెద్దావిడ ప్రశాంతంగా నిద్రపోయింది అని చెప్పా. అందరూ ఆమెన్ అన్నారు. నువ్వూ అన్నావ్. ఆమెన్ అన్నాక ఇంక ఎవరికి చెప్పుకోను? అప్పటి నుంచి పాటెత్తితే ఆ అద్దమే కనపడుద్ది."

మార్తా వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. అవును, తనూ అంది. మూడో వరసలో నిలబడి, అందరికంటే గట్టిగా అంది. ఆమె చెయ్యి పట్టుకోవాలనిపించి, పట్టుకుంది. నీ తప్పు లేదక్కా అని చెప్పబోయి, మళ్ళీ అదే పని చేస్తున్నానని నోరు కట్టేసుకుంది. కెటిల్‌లో నీళ్ళు చల్లారిపోయాయి.

కాసేపయ్యాక మార్తా చెప్పాల్సింది చెప్పింది. "ఇది నీ సొంతం అక్కా. వద్దంటే ఇప్పుడే నీ ముందే చెరిపేస్తా. మా మేడమ్‌కి కూడా చెప్పను."

"కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుద్దంటారు" అంది లీలారాణి. రికార్డరు వైపు చూసింది. "పేర్లుండవు కదా?"

"ఉండవు. నీ పేరుండదు, హోమ్ పేరుండదు, ఆవిడ పేరూ ఉండదు."

"ఆవిడ పేరు కూడానా?" లీలారాణి చటుక్కున తలెత్తింది. "గది తలుపు మీద ఆవిడ పేరు ఆ వారమే పీకేశారే. నాతో పాటు ఆ పేరు పలికేవాళ్ళు ఇంకెవరూ లేరు. నువ్వు కూడా తీసేస్తావా?"

"రూలు అక్కా" అంది మార్తా. అన్నాక ఆ మాట ఆమె నోటికే చేదుగా తగిలింది.

లీలారాణి వెళ్ళి టీ పెట్టింది. తాగారు. ప్రార్థన చేసుకుందామా అని మార్తా అడిగితే, "ఇవాళ వద్దులే" అంది మామూలుగా. గుమ్మం దాకా వచ్చింది. మార్తా గొడుగు విప్పి గేటు దాటబోతుంటే వెనకనుంచి పిలిచింది.

"మార్తా, చెరపొద్దు. ఉంచు. నాకేదో మారుపేరు పెట్టాలన్నావు కదా."

"అవునక్కా."

"బ్రైడీ అని పెట్టు."

తర్వాతి వారం మార్తా నూలా గది గుమ్మంలో నిలబడింది. దగ్గబోయి ఆగింది.

"నూలా."

ఆవిడ ఉలిక్కిపడి తలెత్తింది. ఎవరు పిలిచారా అన్నట్టు మార్తా వెనక కూడా చూసింది. కాగితాలు తీసుకుని చదవడం మొదలుపెట్టింది. మధ్యలో ఒకసారి లేచి కిటికీ దగ్గర నిలబడి, వచ్చి మళ్ళీ చదివింది. చివరి పేజీ అయిపోయాక దానిమీద అరచెయ్యి పెట్టింది. ఇక్కడి నర్సుల మాట మళ్ళీ ఎత్తలేదు.

"ఒక్కటే, మార్తా. పాడతానన్నావిడకు బ్రైడీ అని పెట్టావు. భారతదేశం నుంచి వచ్చిన కేరర్‌కు ఈ పేరేమిటని చదివేవాళ్ళు తికమకపడతారు. వైవాలో కూడా అడుగుతారు. ఇంకేదైనా పెడదామా?"

ఆ గదిలో మార్తా ఇంతవరకూ ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడూ లేచి నిలబడే చెప్పింది, అలవాటు ఎక్కడికి పోతుంది.

"లేదు, నూలా. ఆ పేరు మార్చను. ఎవరడిగినా నేను జవాబు చెప్పుకుంటాను."

నూలా ఆమె ముఖంలోకి చూసింది, కారణం అడగలేదు. కాగితాలు తన వైపు తిప్పుకుని, మొదటి పేజీలో మార్తా అన్నిటికంటే పైన పెట్టిన మాట మెల్లగా పైకి చదివింది.

"బ్రైడీ: పాడతానని మాటిచ్చాను. పాడలేదు."